దవడ వాచి నొప్పెడుతోందా? కారణాన్ని ఇంట్లో ఎలా పసిగట్టాలి, ఎవరి దగ్గరికి వెళ్ళాలి

“మేడమ్, దవడ వాచింది. ఏ మాత్ర వేసుకోమంటారు?”

వారంలో రెండు మూడు సార్లైనా ఈ ప్రశ్న నాకు వస్తుంది, ఫోన్లో తీసిన ఫోటోతో సహా. ఫోటోలో ఒక చెంప ఉబ్బి కనిపిస్తుంది, అంతే. పంటి వేరు దగ్గర చీము పట్టినా చెంప అలాగే ఉబ్బుతుంది. ఉమ్మి గ్రంథిలో రాయి అడ్డుపడినా, గవదబిళ్ళలు వచ్చినా అలాగే ఉబ్బుతుంది. వీటిలో ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనికిరాదు. అందుకే మాత్ర పేరు చెప్పే ముందు నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఎవరిని అడిగినా అవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. పావుగంట కేటాయిస్తే మీ అంతట మీరే చూసుకోవచ్చు. జబ్బు పేరు ఖాయంగా తేల్చుకోలేకపోయినా, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో, ఎంత తొందరగా వెళ్ళాలో తెలుస్తుంది.

ముందు ఇవి చూడండి. ఒక్కటి ఉన్నా మిగతాది చదవకుండా బయల్దేరండి

- నాలుక కింది భాగం గట్టిగా ఉబ్బి, నాలుక పైకి లేచినట్టు ఉండటం
- సొంత ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం
- నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు గొంతు మారిపోవడం
- పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి రావడం
- వాపు గంటగంటకూ పెరిగి మెడ మీదికో, కంటి వైపో పాకడం
- వణికించే చలిజ్వరం, మగత, మాట తడబడటం

ఇలా ఉంటే 108కి ఫోన్ చేయండి. వెళ్ళాల్సింది పళ్ళ క్లినిక్‌కి కాదు, ఎమర్జెన్సీ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకెళ్ళండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో తినడానికి ఏమీ పెట్టకండి. కింది దంతాల ఇన్ఫెక్షన్ నాలుక కిందికీ మెడలోకీ దిగి ఊపిరి దారిని మూసేసే పరిస్థితి ఇది. 1836లో దీన్ని వర్ణించిన జర్మన్ వైద్యుడి పేరు మీద లుడ్విగ్ యాంజైనా అంటారు. ఇవాళ్టికీ దీనికి మూలం ఎక్కువగా పుచ్చిన కింది దవడ పన్నే. “పన్నే కదా” అని నాలుగు రోజులు ఓర్చుకుని ఈ స్థితికి వచ్చిన వాళ్ళను చూశాను కాబట్టే దీన్ని అన్నిటికన్నా ముందు పెట్టాను.

ఇంకో మాట. వాపేమీ లేకుండా దవడ లాగుతూ, దాంతోపాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. దానికీ 108కే ఫోన్ చేయాలి.

కావలసినవి

అద్దం, టార్చి (ఫోన్ లైటు చాలు), కడిగిన స్టీలు చెంచా, థర్మామీటర్, బాల్‌పెన్ను, కాగితం. షుగర్ ఉన్నవాళ్ళ ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే అది కూడా. చేతులు సబ్బుతో కడుక్కుని మొదలుపెట్టండి. చిన్నపిల్లలకు చూస్తుంటే వెలుతురులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూడండి.

1. మాత్ర వేసుకోకముందే జ్వరం చూసి రాసుకోండి

పారాసెటమాల్ వేసుకున్నాక చూస్తే జ్వరం దాక్కుంటుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే ఎన్ని గంటలకు వేసుకున్నారో రాయండి. వాపు ఏ రోజు మొదలైంది, ముందు నొప్పి వచ్చిందా వాపు వచ్చిందా, ఇదే చోట గతంలో వచ్చిందా అన్నవి కూడా రాయండి. డాక్టర్ ముందు కూర్చోగానే ఇవన్నీ మర్చిపోతాం. షుగర్ ఉంటే ఇప్పుడే పరీక్షించుకోండి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు షుగర్ పెరుగుతుంది, షుగర్ పెరిగితే ఇన్ఫెక్షన్ తగ్గదు.

2. వాపు సరిగ్గా ఎక్కడుందో వేలితో గుర్తించండి

అద్దం ముందు నిలబడి ముందు బాగున్న వైపు తడమండి, తర్వాత వాచిన వైపు. దవడ ఎముక అంచు వెంట గడ్డం నుంచి చెవి దాకా వేలు పోనివ్వండి.

- *చెవి కింద, చెవి ముందు, దవడ మూల మీద:* దవడ మూల ఎముక చేతికి తగలకుండా వాపులో కలిసిపోయి, చెవి తమ్మె పైకి, బయటికి నెట్టినట్టు ఉంటే చెవి దగ్గరి ఉమ్మి గ్రంథి వాచినట్టు. గవదబిళ్ళలు వచ్చే చోటు ఇదే.
- *దవడ అంచు కింద, మధ్యభాగంలో:* దవడ కింది ఉమ్మి గ్రంథి కావచ్చు, లింఫ్ బిళ్ళ (దగ్గర్లో ఇన్ఫెక్షన్ ఉంటే వాచేది, ఆరో మెట్టు చూడండి) కావచ్చు. కింది దవడ పళ్ళ చీము కూడా ఇక్కడికే దిగుతుంది.
- *ఎముకనే అంటిపెట్టుకుని, చెంప వైపు:* పంటి చీమే ఎక్కువ.
- *చర్మంలోనే, పైకి ఎర్రగా, మధ్యలో మొనతో:* సెగగడ్డ, లేదా గడ్డం గీసుకున్నచోట వెంట్రుక కుదురు చీము పట్టడం. దీన్ని నొక్కకండి, పిండకండి.
- *చెవి ముందు కీలు దగ్గర:* నోరు తెరిచినప్పుడు టక్కుమని శబ్దం, పొద్దున లేవగానే దవడ బిగుతు ఉంటే అది దవడ కీలుది. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళలో, బాగా టెన్షన్ పడేవాళ్ళలో ఇది కనిపిస్తుంది. దీంట్లో జ్వరం, చీము ఉండవు. నమలే కండరం నొప్పెట్టి ఉబ్బినట్టు అనిపించడాన్నే చాలామంది వాపు అంటారు.

3. నోరు ఎంత తెరుచుకుంటుందో కొలవండి

మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళను నిలువుగా ఒకదాని మీద ఒకటి ఉంచి పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పెట్టండి. మామూలుగా మూడు వేళ్ళు పడతాయి. రెండే పడితే కండరాల దాకా ఇన్ఫెక్షన్ చేరి ఉండొచ్చు, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ఒక్క వేలే పడితే ఆసుపత్రికే వెళ్ళండి. ఎన్ని వేళ్ళు పట్టాయో రాసి పెట్టుకోండి, రేపు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

గుట్కా, ఖైనీ అలవాటుతో ఏళ్ళ తరబడి నోరు కొద్దికొద్దిగా మూసుకుపోతూ వస్తే అది వేరే సమస్య. ఆ అలవాటున్నవాళ్ళు చూసుకోవాల్సినవి ఏడో మెట్టులో రాశాను.

4. పళ్ళను చూడండి, ఒక్కొక్కటీ తట్టండి

టార్చి వేసి చెంపను చెంచాతో పక్కకు లాగి చూడండి. పిప్పి పన్ను, విరిగిన పన్ను, పాత సిమెంటు ఊడిన పన్ను, చిగురు మీద మొటిమలాంటి చీము పొక్కు ఉన్నాయేమో గమనించండి. చివరన జ్ఞానదంతం సగం బయటికి వచ్చి పైన చిగురు కప్పుకుని ఉంటే, ఆ చిగురు కింద అన్నం మెతుకులు ఇరుక్కుని వాస్తుంది. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపు పిల్లల్లో దవడ మూల వాపుకు నేను తరచుగా చూసే కారణం ఇదే.

తర్వాత చెంచా కాడతో పళ్ళను ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. బాగున్న వైపు నుంచి మొదలుపెట్టండి. ఒక పన్ను దగ్గరికి రాగానే జివ్వుమంటే, లేదా ఆ పన్ను మిగతావాటికన్నా ఎత్తుగా ఉండి ముందుగా తగులుతున్నట్టు అనిపిస్తే దాని వేరు దగ్గర చీము ఉన్నట్టే అనుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వారం కిందట పన్ను ప్రాణం తీసింది, తర్వాత నొప్పి దానంతట అదే పోయింది, ఇప్పుడు వాపు వచ్చింది అంటారు. నొప్పి పోయింది కాబట్టి పన్ను బాగైందని లెక్క వేసుకుంటారు. లోపలి నరం చచ్చిపోతే నొప్పి ఆగిపోతుంది, చీము మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అలాగే పొక్కు పగిలి నోట్లోకి చీము వస్తే హాయిగా ఉంటుంది, కానీ మూలం పంటిలోనే ఉండిపోతుంది.

5. తినేటప్పుడు ఏం జరుగుతుందో గమనించండి

అన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, లేదా పచ్చడి వాసన తగలగానే దవడ కింద బిగపట్టినట్టు ఉబ్బి, భోజనమయ్యాక గంటా రెండు గంటల్లో దిగిపోతోందా? అయితే ఉమ్మి నాళంలో రాయి ఉండే అవకాశం ఎక్కువ. ఈ రాళ్ళలో నూటికి ఎనభై పైనే దవడ కింది గ్రంథిలో ఏర్పడతాయి. నాలుక పైకెత్తి, కడిగిన వేలితో నాలుక కింద ముందు నుంచి వెనక్కి తడిమితే కొన్నిసార్లు బియ్యపు గింజలా గట్టిగా చేతికి తగులుతుంది కూడా.

మా పెద్దమ్మకు సరిగ్గా ఇలాగే వచ్చేది. నేనింకా చదువుకుంటున్న రోజులవి. ఊళ్ళో చూపిస్తే పంటి వల్లేనని ఒక పన్ను పీకారు. మూడు నెలలకు మళ్ళీ వాస్తే పక్క పన్నూ పీకారు. “తినేటప్పుడే వాస్తుందా, పెద్దమ్మా?” అని అడిగినవాళ్ళు లేరు. చివరికి స్కానింగ్‌లో రాయి బయటపడింది, నాలుక కింద చిన్న కోత పెట్టి తీసేశారు. ఆ రెండు పళ్ళూ బాగున్న పళ్ళే. అప్పటినుంచి ఈ ప్రశ్న అడగకుండా నేనెవరినీ పంపను.

తిన్నా తినకపోయినా ఒకేలా ఉండి, జ్వరంతో, నోట్లో చెడు రుచితో ఉంటే గ్రంథిలో చీము పట్టి ఉండొచ్చు. ఎండాకాలంలో నీళ్ళు సరిగా తాగని పెద్దవాళ్ళకు, మంచాన పడినవాళ్ళకు ఇది వస్తుంది.

పిల్లల్లో రెండు మూడు రోజులు జ్వరం, నీరసం ఉండి, ఒక చెవి కింద వాచి, తర్వాత రెండోవైపు కూడా వాస్తే గవదబిళ్ళలు. పుల్లటివి తింటే నొప్పి పెరుగుతుంది. వాపు మొదలయ్యాక ఐదు రోజులు బడికి పంపకండి, కంచం గ్లాసు వేరుగా ఉంచండి. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, కడుపునొప్పి, చెవి వినపడకపోవడం, మగపిల్లల్లో వృషణం వాచడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం ఉచితంగా వేసే ఎంఆర్ టీకా తట్టుకూ రుబెల్లాకే. గవదబిళ్ళలకు ఎంఎంఆర్ కావాలి, దాన్ని పిల్లల డాక్టర్‌ని అడిగి వేయించుకోవాలి.

6. బిళ్ళ అనిపిస్తే మూలం వెతకండి

దవడ కింద గోలీలా జరుగుతూ, ముట్టుకుంటే నొప్పిగా ఉండేది చాలాసార్లు లింఫ్ బిళ్ళ. దగ్గర్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉంటే అది వాస్తుంది. గొంతు చూడండి, చెవి, నోటి పుండ్లు, చిగుళ్ళు, మొటిమలు చూడండి. పిల్లలకైతే జుట్టు పాయలు తీసి తల చూడండి. పేలు పట్టి గోకిన పుండ్లు, తల్లో సెగగడ్డలు ఉంటే మెడలో, దవడ కింద బిళ్ళలు కడతాయి. తల్లులు ఇది తెలియక పంటి కోసమని తీసుకొస్తుంటారు.

మూలం తగ్గాక బిళ్ళ మెల్లగా చిన్నదవుతుంది. రోజూ పదిసార్లు నొక్కి చూస్తే అది తగ్గదు, వారానికోసారి చూస్తే చాలు.

7. ఎక్కువ రోజులున్న వాపును వేరుగా చూడండి

రెండు మూడు వారాలు దాటినా తగ్గని గడ్డను, నొప్పి లేదు కదా అని వదిలేయకండి. నొప్పి లేని గడ్డకే ఎక్కువ పరీక్ష అవసరం. రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం, కారణం లేకుండా పన్ను కదలడం, కింది పెదవి మొద్దుబారడం, మానని నోటి పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ: వీటిలో ఏది ఉన్నా క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ అలవాటున్నవాళ్ళు మరీ ముఖ్యంగా. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళ అంగిలి కూడా టార్చి వేసి చూడండి.

ఒకటికి రెండు బిళ్ళలు అతుక్కుని, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కావచ్చు. పాతవాళ్ళు గండమాల అన్నది దీన్నే. సూదితో కొంచెం ద్రవం తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న భయం వద్దు. టీబీ పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

8. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోండి

పన్ను, చిగురు, జ్ఞానదంతం అనిపిస్తే దంతవైద్యుల దగ్గరికి. మొత్తం దవడ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీస్తారు. తినేటప్పుడు వాచేది, చెవి కింద వాపు, తగ్గని బిళ్ళ అయితే ఈఎన్‌టీ దగ్గరికి. గ్రంథికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు. పిల్లలకైతే ముందు పిల్లల డాక్టర్. బండి మీద నుంచి పడి దవడ వాచి, పళ్ళు మునుపటిలా కలవకపోతే ఎముక విరిగి ఉండొచ్చు, దవడ సర్జన్ ఉన్న ఆసుపత్రి కావాలి.

ఖర్చు గురించి భయపడి ఆగేవాళ్ళ కోసం: హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. జిల్లా ఆసుపత్రిలో కూడా దంత విభాగం గురించి అడగండి. క్యాన్సర్ అనుమానం ఉంటే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి ప్రభుత్వానిదే.

డాక్టర్‌కి తప్పకుండా చెప్పాల్సినవి: షుగర్, గర్భం, మందుల అలర్జీ, రక్తం పలచబరిచే మాత్రలు (మీ అంతట మీరు ఆపకండి), ఎముకల బలానికి తీసుకున్న ఇంజెక్షన్లు. ఈ చివరిది చాలామంది చెప్పరు. ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటివి తీసుకున్నవాళ్ళకు పన్ను పీకాక దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

9. డాక్టర్ దొరికేదాకా ఉపశమనం

- గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పూటకోసారి పుక్కిలించండి. జ్ఞానదంతం చిగురుకు ఇది బాగా పనిచేస్తుంది.
- పెద్దవాళ్ళు పారాసెటమాల్ 650 ఒకటి, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా వేసుకోవచ్చు. కాలేయ జబ్బు, రోజూ మద్యం తాగే అలవాటు ఉంటే అడిగి వేసుకోండి. పిల్లలకు బరువును బట్టి మోతాదు, ఆస్పిరిన్ మాత్రం వద్దు.
- ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ నొప్పికి బాగానే ఉంటాయి గానీ అల్సర్, కిడ్నీ జబ్బు, గర్భం ఉన్నవాళ్ళకు కాదు. డెంగీ తిరిగే రోజుల్లో జ్వరం ఉంటే వీటి జోలికి వెళ్ళకండి.
- పంటి వాపుకు బయట చల్లటి గుడ్డ, పది నిమిషాలు. ఉమ్మి గ్రంథి వాపుకు దీనికి విరుద్ధం: గోరువెచ్చని కాపడం, వెనక నుంచి ముందుకు మెల్లగా నిమరడం, నీళ్ళు బాగా తాగడం. ఏదో తేలకపోతే వేడి కాపడం పెట్టకండి.
- నిమ్మ చెక్క చప్పరిస్తే ఉమ్మి ఊరి చిన్న రాయి జరగొచ్చు. నొప్పి పెరిగితే వెంటనే ఆపండి.

ఎక్కువమంది చేసే తప్పులు

మొదటిది, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ రెండ్రోజులు వాడటం. వాపు దిగుతుంది, పన్ను సంగతి మర్చిపోతారు, నెల తర్వాత ఇంకా పెద్దగా వస్తుంది. చీము పట్టిన పంటికి రూట్ కెనాల్ గానీ, పీకడం గానీ జరగాలి. మందు ఆ పనికి తోడే తప్ప దానికి బదులు కాదు. మీరు ఒక్క తప్పే మానగలిగితే దీన్ని మానండి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రోజుకో ఇంజెక్షన్ వేయించుకుంటూ వారం గడపడం కూడా ఇలాంటిదే.

పసుపూ సున్నం కలిపి పట్టు వేస్తే సున్నం చర్మాన్ని కాలుస్తుంది, ఆ ఎరుపులో అసలు వాపు ఎంత పాకిందో కనిపించదు. గవదబిళ్ళలకు మెడలో బంగారు గొలుసు వేస్తారు. అది హాని చేయదు, వేసుకోండి, కానీ గొలుసు వేశాం కదా అని పిల్లాడి జ్వరం చూడటం మానకండి. నొప్పి పంటి దగ్గర పొగాకు, ఆస్పిరిన్ బిళ్ళ, పెట్రోలు పెట్టడం వల్ల చిగురు కాలిపోతుంది. లవంగ నూనె దూదికి ఒక్క చుక్క చాలు, అది కూడా పంటి రంధ్రంలోనే. సూదితో పొడిచి చీము తీయడం ఇంట్లో ఎప్పుడూ వద్దు.

గర్భిణులు “బిడ్డ పుట్టాక చూపిస్తా”నని ఆగుతారు. గర్భంలో కూడా పంటి చికిత్స చేయొచ్చు. ఇన్ఫెక్షన్ పెట్టుకుని తిరగడమే తల్లికీ బిడ్డకూ చేటు.

తగ్గుతోందా లేదా ఎలా తెలుస్తుంది

వాపు అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీయండి. రోజూ ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీయండి. రోజుకు రెండుసార్లు జ్వరం, ఒకసారి నోట్లో పట్టే వేళ్ళ లెక్క రాయండి. చికిత్స మొదలైన రెండు మూడు రోజుల్లో వాపు గీత లోపలికి రావాలి, జ్వరం దిగాలి, నోరు ఇంకాస్త తెరుచుకోవాలి. మొదటి రోజు వాపు కొంచెం పెరిగినట్టు ఉన్నా, నొప్పీ జ్వరమూ తగ్గుతుంటే కంగారు పడక్కర్లేదు. గీత దాటి పాకుతుంటే మాత్రం మందు పూర్తయ్యేదాకా ఆగకుండా అదే రోజు తిరిగి వెళ్ళండి. పైన మొదట్లో రాసిన లక్షణాల్లో ఏది కొత్తగా కనిపించినా అర్ధరాత్రైనా సరే బయల్దేరండి.

గవదబిళ్ళల వాపు వారం పది రోజుల్లో దిగిపోతుంది. రాయి వల్ల వచ్చిన వాపు రెండు గంటల్లో దిగినా తగ్గినట్టు కాదు, తర్వాతి భోజనానికి చూడండి. పంటి వాపు పూర్తిగా దిగాక కూడా, ఆ పంటిని చెంచా కాడతో మళ్ళీ తట్టి చూసుకుని, రూట్ కెనాల్ అపాయింట్‌మెంట్ తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.